ఆ చేతిపట్టీ మన పిల్లలకి ఏదీ?

మొన్న సంక్రాంతికి మా ఇల్లు కిటకిటలాడిపోయింది. డాలస్ నుంచి అక్కావాళ్ళు వచ్చారు. మా మరిది కుటుంబం వచ్చింది. భోగి నాటికి మా బాబాయి కూడా మాధవరం నుంచి వచ్చారు. తాడేపల్లిగూడెం పక్కన ఉన్న ఆ ఊరిని మా వైపు అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్ళిన ఊరు. బాబాయి కూడా పాతికేళ్ళు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు.

పగలంతా పిండివంటలు, ముగ్గులు, చుట్టాల రాకపోకలు. రాత్రి భోజనాలయ్యాక అందరం హాల్లో చేరితే, పద్నాలుగేళ్ళ మా అక్క కొడుకు "పిన్నీ, నీకొక షో చూపిస్తా, ఇది చూస్తే నీ సీరియల్స్ మళ్ళీ చూడవు" అంటూ లాప్‌టాప్ తెచ్చి మా టీవీకి తగిలించాడు. అమెరికాలో ఫాక్స్ చానెల్లో వచ్చే 'స్పెషల్ ఫోర్సెస్: వరల్డ్స్ టఫెస్ట్ టెస్ట్' అనే కార్యక్రమం అది. మూడు రాత్రులు చూశాం. కార్యక్రమం సంగతి అలా ఉంచండి. చూస్తూ మా వాళ్ళన్న మాటలే నాకు పండగ వెళ్ళిపోయాక కూడా బుర్రలో తిరుగుతూ ఉన్నాయి. అలాంటి మాటలే మీ ఇళ్ళల్లోనూ వినిపిస్తుంటాయి, అందుకే రాస్తున్నాను.

చూడనివాళ్ళ కోసం ముందు ఆ షో ఏమిటో చెబుతాను. బ్రిటన్‌లో చానెల్ 4లో 2015 నుంచి వస్తున్న 'ఎస్ఏఎస్: హూ డేర్స్ విన్స్' అనే షోకి ఇది అమెరికా తమ్ముడు. మొదటి సీజన్ 2023 జనవరిలో మొదలైంది. పదహారు మంది పేరున్నవాళ్ళని జోర్డాన్‌లోని వాదీ రమ్ ఎడారికి తీసుకెళ్ళారు. ఆటగాళ్ళు, పాటగాళ్ళు, వంటాయన, డాక్టరు, టీవీ వాళ్ళు, ఇలా అన్ని రకాలూ ఉన్నారు. అక్కడ వాళ్ళకి పేర్లుండవు, చేతికి కట్టిన పట్టీ మీది అంకెతోనే పిలుస్తారు. ఆడామగా అందరికీ ఒకటే పాక. శిక్షణ ఇచ్చేవాళ్ళు నలుగురు, ఒకప్పుడు బ్రిటన్, అమెరికా ప్రత్యేక దళాల్లో పనిచేసినవాళ్ళు. హెలికాప్టర్ నుంచి నీళ్ళలోకి వెనక్కి పడిపోవాలి. లోయ మీద తాడు పట్టుకుని దాటాలి. ఒకరు తప్పు చేస్తే అందరికీ శిక్ష. ఆఖర్న ముఖానికి ముసుగేసి, నిద్ర లేకుండా చేసి, చెవులు చిల్లులు పడే చప్పుళ్ళ మధ్య కూర్చోబెట్టి శత్రువుకి చిక్కిన సైనికుణ్ణి అడిగినట్టు ప్రశ్నిస్తారు.

ఇందులో ఓట్లు లేవు, విజేతకి బహుమతి లేదు. ఎవరికైనా ఇక చాలు అనిపిస్తే చేతికున్న ఆ అంకె పట్టీ విప్పి శిక్షకుడి చేతిలో పెట్టి వెళ్ళిపోవచ్చు. ఏ నిమిషంలోనైనా, ఏ కారణానికైనా. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక మా హాల్లోకి రండి.

మొదటి రాత్రే మా బావగారు తీర్పు చెప్పేశారు. "చూశావా, ఇలా ఉండాలి ట్రైనింగ్ అంటే. మన పిల్లల్ని గాజు బొమ్మల్లా పెంచుతున్నాం. పది రోజులు ఇలాంటి చోట పడేస్తే తిక్క కుదురుతుంది" అన్నారు. మా మరిది వెంటనే వంత పాడాడు. "ఈ రోజుల్లో మాస్టారు గట్టిగా ఒక మాటంటే తల్లిదండ్రులు గొడవకి వెళ్తున్నారు. మా కాలంలో కోదండం వేయించేవాళ్ళు, మేం బాగుపడలేదా?" అన్నాడు. మా తోటికోడలు మాత్రం "అంతా నాటకమండీ, కెమెరా ఆగగానే కూల్‌డ్రింకులు ఇస్తారు" అని చేగోడీ కొరికింది. అక్క కొడుకైతే ఆ శిక్షకులు అరిచిన ప్రతిసారీ వాళ్ళ గొంతు అనుకరిస్తూ మరిది కూతుర్ని గదమాయిస్తున్నాడు. అది తొమ్మిదేళ్ళ పిల్ల. మొదట్లో నవ్వింది, తర్వాత వచ్చి నా వెనకాల కూర్చుంది.

రెండో రాత్రి జేమీ లిన్ స్పియర్స్ తన పట్టీ ఇచ్చేసింది. పాటలు పాడే బ్రిట్నీ స్పియర్స్ చెల్లెలు. పిల్లల మీద బెంగపెట్టుకుని, ఇక ఉండలేనని చెప్పి వెళ్ళిపోయింది. మా హాల్లో ఒకటే నవ్వులు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని ఒకరు. "పిల్లల్ని వదిలి ఉండలేని మనిషి అసలెందుకొచ్చిందట" అని ఇంకొకరు. అన్నవాళ్ళలో ఆడవాళ్ళం కూడా ఉన్నాం, అది దాచను. ఇంగ్లీషు రాని మా అత్తయ్యగారు ఒక్కరే "ఎవరమ్మా ఆ పిల్ల, ఎందుకేడుస్తోంది?" అని అడిగారు. పిల్లల మీద బెంగట అని చెప్పాను. "మరి వెళ్ళనివ్వండి పాపం, అందులో నవ్వడానికేముంది" అన్నారావిడ.

అప్పుడు బావగారు, "అత్తయ్యగారూ, మధ్యలో వదిలేసేవాళ్ళకి జీవితంలో ఏదీ రాదండీ" అన్నారు.

ఆయన ఎవర్నీ ఉద్దేశించి అనలేదు, నాకు తెలుసు. కానీ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మా అబ్బాయి లేచి మేడ మీదకి వెళ్ళిపోయాడు. పళ్ళెంలో అరిసె సగం అలాగే ఉంది.

వాడు రెండేళ్ళ క్రితం ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో వదిలేసి వచ్చాడు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి గంట, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. వారం వారం పరీక్ష. మార్కులు తగ్గితే అందరి ముందూ నిలబెట్టి తిట్లు. ఆదివారం ఒక్కసారి ఫోను. ఒక ఆదివారం తిండి బాలేదన్నాడు. తర్వాతి ఆదివారం నిద్ర పట్టట్లేదన్నాడు. మూడో ఆదివారం "అమ్మా, నావల్ల కావట్లేదు" అన్నాడు, అంతే, ఇంకేం మాట్లాడలేదు. నేనేమన్నానో తెలుసా? "ఓర్చుకో నాన్నా, రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోతుంది. మగపిల్లాడివి, ఆ మాత్రానికే ఇదైపోతే ఎలా?" అన్నాను. తెలుగు బీఏ చదివినదాన్ని. మాటకి బరువుంటుందని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా అదే అన్నాను.

దసరా సెలవులకి వచ్చేసరికి చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నాలుగున్నరకి ఎవరూ లేపకుండానే ఉలిక్కిపడి లేచి మంచం మీద కూర్చునేవాడు. రెండో రోజు నిద్రలోనే "అయిపోయింది సార్, రాసేశాను సార్" అన్నాడు. నేనూ మా ఆయనా చీకట్లో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్ళీ పంపలేదు. కట్టిన ఫీజు పోయింది. పోతే పోయింది. చుట్టాలు మాత్రం ఈ రెండేళ్ళూ ఒకటే మాట, "మధ్యలో వదిలేశాడటగా".

అందుకే ఆ రాత్రి ఆ నవ్వు నాకు టీవీలోని ఆవిడ మీద నవ్వులా వినిపించలేదు.

ఇప్పుడు ఆ పట్టీ సంగతికొస్తాను. ఆ షోలో అందరికీ నచ్చేది అరుపు, అందరూ నవ్వేది పట్టీ విప్పడం. నన్నడిగితే ఆ కార్యక్రమంలో మనం నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే ఆ పట్టీయే. అక్కడికి వెళ్ళినవాళ్ళందరూ పెద్దవాళ్ళు. తెలిసి, ఒప్పుకుని, సంతకం పెట్టి వెళ్ళారు. చుట్టూ డాక్టర్లున్నారు. వెళ్ళిపోతానంటే ఆపేవాడు లేడు. అంత కర్కశంగా కనిపించే శిక్షకుడు కూడా పట్టీ చేతిలో పెట్టగానే ఇక అరవడు, పంపించేస్తాడు. ఆ తలుపు తెరిచి ఉంది కాబట్టే ఆ అరుపు భరించదగ్గదయింది. తలుపు మూసేస్తే దాన్ని శిక్షణ అనరు, హింస అంటారు.

మనం ఏం చేస్తున్నాం? అరుపు ఇంటికి తెచ్చుకుంటున్నాం, పట్టీ అక్కడే వదిలేస్తున్నాం. "ఇలాంటి ట్రైనింగ్ మన పిల్లలకీ ఉండాలి" అనేవాళ్ళలో ఒక్కరైనా "వద్దనుకుంటే వచ్చేసే హక్కు కూడా ఉండాలి" అన్నారా? పదహారేళ్ళ పిల్లాణ్ణి వాడి సంతకం లేకుండా, వాడి ఇష్టం అడక్కుండా రెండేళ్ళకి అప్పగించి, వాడు ఆదివారం ఫోన్లో పట్టీ విప్పి చేతికిస్తుంటే "మళ్ళీ కట్టుకో" అనేది మనమే కదా!

"మరి సైన్యంలో అలాగే ఉంటుంది కదా?" అని బావగారు అడగనే అడిగారు, బాబాయి వైపు చూస్తూ. బాబాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. పాలు తాగుతూ చూస్తున్నారు.

"అరుస్తారు బాబూ, అరవకేం. రంగ్రూటుగా ఉన్నప్పుడు మా ఉస్తాద్ తిట్టని తిట్టు లేదు. రగడా అంటే ఏమిటో ఇప్పటికీ ఈ మోకాళ్ళకి తెలుసు. కానీ రూట్ మార్చ్ అయ్యాక అందర్నీ బూట్లు విప్పించి కూర్చోబెట్టి, ఒక్కొక్కడి పాదాలూ చూసేవాడు. బొబ్బలుంటే వాడే మందు వేయించేవాడు. మేం తిన్నామో లేదో చూసుకున్నాకే లంగర్లో తను తినేవాడు. మీరు చూస్తున్నదాంట్లో అరుపు చూపించారు, అది చూపించలేదు. చూపిస్తే ఎవరు చూస్తారు?" అన్నారు.

కాసేపాగి, "సిక్ రిపోర్ట్ అని ఉంటుంది. ఒంట్లో బాలేదంటే పొద్దున్నే చెప్పుకోవాలి, ఎం.ఐ. రూంకి పంపుతారు, డాక్టరు చూస్తాడు. సైన్యం ఎంత కఠినమైనా ఆ దారి మూసెయ్యదు. మనిషి విరిగిపోతే తుపాకీ ఎవరు పట్టుకుంటాడు?" అన్నారు. ఆ తర్వాత ఆ రాత్రి ఎవరూ సైన్యం మాట ఎత్తలేదు.

ఆ దారి సరిగ్గా పనిచెయ్యకపోతే నిజం సైనికులే చచ్చిపోతారు. 2013 జూలైలో వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండల మీద బ్రిటన్ ఎస్ఏఎస్ ఎంపిక పరీక్ష జరిగింది. టీవీ షోకి కాదు, అసలుదే. బరువులు మోస్తూ 26 కిలోమీటర్ల నడక, మంచి ఎండ రోజు. రిజర్వు దళానికి చెందిన ముగ్గురు వడదెబ్బకి ప్రాణాలు వదిలారు. ఇద్దరు ఆ కొండ మీదే, ఒకరు తర్వాత ఆసుపత్రిలో. 2015లో విచారణ జరిపిన కరోనర్, పై అధికారుల నిర్లక్ష్యం కూడా అందుకు కారణమని తేల్చారు. ఆ ముగ్గురూ సుకుమారంగా పెరిగినవాళ్ళు కాదు, గాజు బొమ్మలూ కాదు. మనిషి ఒంటికి ఒక హద్దుంటుంది, అది చూడాల్సినవాళ్ళు చూడలేదు. అంతే.

ఇలాంటి షోలు మనుషుల నోటిని ఎలా మారుస్తాయో చూడాలంటే దక్షిణ కొరియా వైపు చూడండి. అక్కడ మగవాళ్ళు ఎటూ తప్పనిసరిగా సైన్యంలో పనిచేయాలి. 2020లో యూట్యూబ్‌లో ఒక షో వచ్చింది. దాని పేరుకి అర్థం 'ఉత్తుత్తి మగాడు' అని. నౌకాదళ ప్రత్యేక దళాల నుంచి వచ్చినవాళ్ళు మామూలు కుర్రాళ్ళకి శిక్షణ ఇవ్వడం. విపరీతంగా చూశారు. అందులో ఒక శిక్షకుడు గద్దించే మాటలు అక్కడి జనానికి ఊతపదాలైపోయాయి. రెండో సీజన్ వచ్చేసరికి అది ఇంకా ముదిరింది. మనుషుల్ని మరీ ఇంత హింసిస్తారా అన్న గొడవ మొదలై, శిక్షకుల మీద ఆరోపణలు కూడా చుట్టుముట్టి, ఆ అక్టోబరులోనే మధ్యలో ఆపేశారు. షో ఆపగలిగారు. నోళ్ళకి పట్టిన ఆ మాటల్ని ఎవరాపగలరు? మా హాల్లో తొమ్మిదేళ్ళ పిల్ల నా వెనక్కి వచ్చి కూర్చున్నది కూడా అలాంటి మాటలకే.

"ఇదంతా నాటకం" అన్న మా తోటికోడలి మాటకి కూడా జవాబు చెప్పాలి. నాటకమే అనుకుందాం. కెమెరా ఎటు తిప్పాలో, ఏది కత్తిరించాలో ఎవరో నిర్ణయిస్తారు, నిజమే. కానీ మనం నాటకాన్ని చూసి నాటకంలోని మనిషి మీద కదా నవ్వం? ఏడ్చేవాణ్ణి చూసి నవ్వడం అలవాటైతే, ఆ అలవాటు టీవీ కట్టేసినా పోదు. పక్కగదిలో ఏడ్చేవాడి దగ్గరికి కూడా అదే మొహంతో వెళ్తాం.

"మా కాలంలో కోదండం వేశారు, మేం బాగుపడలేదా" అనే వాదన చాలా పాతది. బాగుపడినవాళ్ళే పండక్కి వచ్చి హాల్లో కూర్చుని ఈ మాటంటారు. బడి మానేసి పారిపోయినవాళ్ళు, జన్మంతా గొంతు ఎత్తలేకపోయినవాళ్ళు ఆ హాల్లో ఉండరు, వాళ్ళని ఎవరూ అడగరు. కాలేజీల్లో ర్యాగింగ్ గురించి కూడా ఒకప్పుడు ఇదే అనేవారు, గుర్తుందా? కాస్త ర్యాగింగ్ ఉంటేనే బిడియం పోతుంది, ధైర్యం వస్తుంది అని. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో చట్టం చేసి దాన్ని నేరం అన్నారు. ఆ తర్వాత చదివిన పిల్లలకి ధైర్యం లేకుండా పోయిందా? 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా తప్పన్నది. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే. అంటే ఇంటర్ చదివే పిల్లాడి విషయంలో ఆ కాపలా మనమే కాయాలి. మనమేమో "కొట్టినా పర్లేదు సార్, బాగుపడితే చాలు" అని చెప్పి వస్తాం.

పిల్లలకి కష్టం తెలియక్కర్లేదని నేను అనడం లేదు. ఆ షోలో చివరిదాకా నిలబడింది ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకరు కార్లీ లాయిడ్, రెండు ప్రపంచ కప్పులు గెలిచిన అమెరికా ఫుట్‌బాల్ జట్టులో ఆడిన ఆవిడ. ఇంకొకరు టీవీ కార్యక్రమాల హానా బ్రౌన్. వాళ్ళని చూసి మా మరిది కూతురు చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. భయపడుతూనే దూకడం, చేతులు వణుకుతున్నా తాడు వదలకపోవడం, ఇవి చూడముచ్చటగా ఉంటాయి. మా పిల్లలు కూడా పొద్దున్నే లేవాలి, తమ కంచం తాము కడుక్కోవాలి, ఓడిపోతే మళ్ళీ ప్రయత్నించాలి. ఇవన్నీ నాకూ కావాలి.

కానీ మన భాషలో ఒక చక్కటి మాటుంది, ఓపిక. దానికి రెండర్థాలు. ఒకటి సహనం. ఇంకొకటి శక్తి, ఒంట్లో సత్తువ. "ఓపిక పట్టు" అంటాం, "ఓపిక లేదమ్మా" అనీ అంటాం. రెండింటికీ ఒకే మాట పెట్టుకున్నారు పెద్దవాళ్ళు. సత్తువ ఉన్నంతసేపే సహనం అని ఆ మాటలోనే తెలుస్తోంది. తిండి, నిద్ర, ఆదరణ ఉంటే ఓపిక పెరుగుతుంది. అరుపులతో పెరగదు, తరుగుతుంది. జ్వరం వచ్చి లేచిన మనిషి "ఓపిక లేదు" అంటే మనం నవ్వుతామా? మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతాం. పిల్లాడు మనసు గురించి అదే మాటంటే మాత్రం "మధ్యలో వదిలేస్తావా" అంటాం.

ఆడపిల్లల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఎడారిలో పదిరోజులు ఓర్చుకున్న ఆడదానికి చప్పట్లు కొట్టాం. అత్తవారింట్లో ఏళ్ళ తరబడి ఓర్చుకునేదానికి చప్పట్లు లేవు, అది ధర్మం. పుట్టింటికి ఫోన్ చేసి "అమ్మా, ఇక నావల్ల కాదు" అంటే "సర్దుకుపో తల్లీ, ఇల్లన్నాక ఉండవా" అంటాం. నా కొడుకుతో నేనన్న మాటకీ దీనికీ తేడా ఏముంది? జేమీ లిన్ స్పియర్స్ పట్టీ విప్పితే నవ్విన ఆడవాళ్ళం మేమందరం, మా జీవితంలో ఎప్పుడో ఒకసారి అలాంటి పట్టీ ఒకటి ఉంటే బాగుండును అనుకున్నవాళ్ళమే. ఆ మాట ఎవరం పైకి అనలేదు. బహుశా అందుకే అంత గట్టిగా నవ్వాం.

కనుమ నాడు పొద్దున బాబాయి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటే మా అబ్బాయి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నేను గుమ్మంలో మినుములు చేటలో పోసుకుని ఏరుతున్నాను.

"తాతయ్యా, సిక్ రిపోర్ట్‌కి వెళ్ళినవాళ్ళని మిగతావాళ్ళు నవ్వేవాళ్ళా?" అని అడిగాడు.

"నవ్వేవాళ్ళురా. కొన్నాళ్ళకి ఆ నవ్వినవాడూ వెళ్ళాల్సొచ్చేది" అన్నారు బాబాయి.

వాడు ఏమీ అనలేదు. పేపర్లో ఒక కాగితం తీసుకుని చదువుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి మాత్రం అందరితో పాటు వచ్చి, బావగారి పక్కనే కూర్చున్నాడు. బావగారు మంచివారు. ఆయనకి ఏదో తట్టినట్టుంది, తన పళ్ళెంలో గారె తీసి వాడికి వేశారు. వాడిప్పుడు ఊళ్ళోనే డిప్లొమా చదువుతున్నాడు. రోజూ సైకిల్ మీద వెళ్ళొస్తాడు, రాత్రిళ్ళు నిద్రపోతాడు. ఇదేం గొప్ప విజయం కాదు, ఎవరూ దీన్ని టీవీలో చూపించరు. నాకు చాలు.

ఈ షోలు చూడొద్దని నేను చెప్పను. మీరూ చూడండి, పిల్లలతో కలిసే చూడండి. కానీ ఎవరైనా పట్టీ విప్పినప్పుడు హాల్లో మీరు ఏమంటున్నారో ఒక్కసారి వినండి. మీ పక్కన కూర్చున్న పిల్లాడు టీవీని చూడడం లేదు, మిమ్మల్ని చూస్తున్నాడు. రేపు తనకి అలాంటి రోజు వస్తే ఈ ఇంట్లో ఏమంటారో అప్పుడే తెలుసుకుంటున్నాడు. మీరు నవ్వితే వాడిక మీకు చెప్పడు. చెప్పని పిల్లల గురించి పేపర్లో చదివి కళ్ళు తుడుచుకునే తల్లులం మనమే, మర్చిపోకండి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక ఒప్పందం ఉంది. ఎవరైనా సరే, పిల్లాడైనా, నేనైనా, మా ఆయనైనా, "ఇక చాలు" అంటే ముందు ఎందుకు అని అడగకూడదు. ముందు ఇంటికి రమ్మనాలి, అన్నం పెట్టాలి, నిద్రపోనివ్వాలి. కారణాలూ, చర్చలూ, ఫీజు లెక్కలూ మర్నాడు. మళ్ళీ వెళ్తానంటే వెళ్ళొచ్చు, పట్టీ మళ్ళీ కట్టుకోవచ్చు. అది కట్టుకున్నవాళ్ళ ఇష్టం.

మీ పిల్లల్ని ఎంత కష్టమైన చదువుకైనా పంపండి, ఎంత దూరమైనా పంపండి. పంపేముందు వాళ్ళ చేతికి ఆ పట్టీ కట్టి పంపండి. "ఇది విప్పి నా చేతిలో పెడితే నేను నవ్వను" అని చెప్పి పంపండి. నేను ఆ మాట చెప్పకుండా పంపాను. మీరైనా చెప్పండి.